బటన్ మష్రూమ్ అని రాసిన చీటీ

పొయ్యి మీద నీళ్లు మరుగుతుంటే నేను వంటింట్లో నిలబడలేను. కాఫీకి గిన్నె పెట్టినా సరే, ఆవిరి లేవకముందే బయటికి వచ్చేస్తాను. వచ్చే ముందు కిటికీ తెరిచి ఉందో లేదో చూస్తాను. మొదట్లో నా భార్య నవ్వేది. ఇప్పుడు నేను లోపలికి వచ్చే వేళకు తనే కిటికీ తీసి పెడుతుంది.

ఈ భయం ఎలా పట్టుకుందో చెప్పాలంటే నేను అమ్మిన ఒక జీవి గురించీ, దానికి నేను రాసిన పేరు గురించీ చెప్పాలి.

కర్ణాటక చివర, తెలుగు మాట్లాడే పావగడ బజారులో నాది చేపల అంగడి. తినే చేపలు కాదు, గాజు తొట్టెల్లో పెంచుకునేవి. మా నాన్నకు వై.ఎన్.హొసకోటలో బట్టల అంగడి ఉండేది. కొత్త చీరల మూట విప్పిన రోజు ఆయన భోజనం సంగతి కూడా మరిచిపోయేవాడు. ఒక్కో చీర ఒళ్లో పరుచుకుని పేరు పెట్టేవాడు. పచ్చ మీద నీలం తిరిగితే ‘చిలకమెడ’. సన్నంచు ఉంటే ‘కోడలిపిల్ల’. మూటలో వచ్చినప్పుడు వాటికి నంబర్లే ఉండేవి. “నంబరు చూసి ఏ ఆడమనిషీ చీర కొనదురా. పేరు చెవిలో పడల్ల, అప్పుడే చెయ్యి ముందరికి వస్తాది” అనేవాడు. నేను పలకా బలపం వయసు నుంచి ఆ మాటలు వింటూ పెరిగినవాణ్ని.

అయితే ఆయన జేబులో ఒక మడత భూతద్దం ఉండేది. ఇత్తడి చట్రం, అగ్గిపెట్టెలో పట్టేంత. గుడ్డ మీద పెట్టి పోగులు లెక్కపెట్టడానికి. చీరకు ఎంత గొప్ప పేరు పెట్టినా, నాణ్యం గురించి ఎవరైనా గట్టిగా అడిగితే ఆ అద్దం తీసి వాళ్ల చేతికే ఇచ్చేవాడు. “నా మాట ఎందుకమ్మా, నువ్వే చూసుకో” అనేవాడు. ఆయన పోయాక పేర్లు పెట్టే విద్యా, భూతద్దమూ రెండూ నాకు వచ్చాయి. కొనేవాళ్ల చేతికి అద్దం ఇచ్చే అలవాటు మాత్రం రాలేదు.

తిరుమణి, క్యాతగానచెర్లు చుట్టుపక్కల పొలాలు సోలార్ ప్లేట్ల కిందికి పోయిన తర్వాత మా బజారులో కొత్త మనుషులు కనబడసాగారు. గెస్ట్‌హౌసుల్లో ఉండే ఇంజనీర్లకు సాయంత్రాలు పొద్దుపోదు. మొదట బంగారు చేపలు అడిగారు. తర్వాత సముద్రపు తొట్టి పెట్టగలవా అని అడిగారు. నేను బెంగళూరు వెళ్లి, ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర పది రోజులు నిలబడి చూసి నేర్చుకున్నాను. ఉప్పు సంచుల్లో వస్తుంది. తాగునీళ్లు శుద్ధిచేసి అమ్మే ఘటకం నుంచి క్యాన్లు తెచ్చి, ఆ ఉప్పు కలిపి, వేడీ ఉప్పదనమూ కొలిచి, రాళ్లు పేర్చి నీళ్లు తిప్పాలి. అప్పుడు మా కరువు తాలూకాలో ఒక గాజు పెట్టెలో సముద్రం తయారవుతుంది.

ఆ సముద్రాన్ని చూడటానికి వచ్చినవాళ్లలో తిరుమణి రైతు ఒకాయన. నాకంటే పదేళ్లు పెద్ద. చెనిక్కాయ వేసిన భూమి మీద ఇప్పుడు నల్లటి ప్లేట్లు వరసగా నిలబడి ఉన్నాయి. కౌలు వస్తుంది, చెయ్యడానికి పని లేదు. రోజూ పొద్దున కంచె దాకా నడిచి, కాసేపు చూసి, బస్సెక్కి పావగడ వచ్చేవాడు.

మొదటి రోజు తొట్టి మీదికి వంగి అడిగాడు.

“ఏం సెట్టీ, ఈ నీళ్లు ఉప్పగా ఉంటాయంటనే?”

“సముద్రం నీళ్లన్నా. మనమే కలుపుకోవల్ల.”

“మా బోరు నీళ్లు తాగి నా పండ్లు చూడు, తుప్పు పట్టినాయి. నువ్వేమో ఈడ సముద్రమే పెట్టుకోని కూచున్నావు!”

నెల తిరక్కుండా ఆయన ఇంటి హాల్లో నేనే తొట్టి అమర్చాను. ఆయన భార్య గడప దగ్గర కూర్చుని చూస్తూ ఉంది. సన్నటి మనిషి. చలికాలంలో ఉబ్బసం వస్తుందని అప్పుడే చెప్పింది. ప్లేట్ల దగ్గర దుమ్ము లేస్తే కిటికీలు మూసుకుంటామని కూడా చెప్పింది. ఆ రెండు మాటలూ నేను విన్నాను. విన్నానని ఇక్కడ రాసి పెట్టాలి.

“మంద గొర్రెల్ని మేపిన మనిషప్పా. ఇప్పుడు రాయి ముందర కూకోని దానికి కూడు పెడతాండాడు” అంది నాతో.

“రాయి గాదే, జీవముండాది దాంట్లో” అన్నాడు ఆయన.

“నాకూ జీవముండాది. నాకెప్పుడన్నా పెట్టినావా?”

ముగ్గురం నవ్వాం. ఆ ఇంట్లో నేను ఆ రోజు తిన్న సంగటి, చెనిక్కాయ ఊరిబిండి రుచి ఇంకా గుర్తుంది. 

ఆయనకు అన్నిటికంటే నచ్చినవి మష్రూమ్ కోరల్స్. సముద్రపు పుట్టగొడుగులు అనే అమ్ముతాం. అవి పుట్టగొడుగులు కావు, మొక్కలూ కావు, రాయికి అతుక్కుని బతికే జీవులు. నీళ్లలో వెలుతురు పడితే విచ్చుకుంటాయి, ముట్టుకుంటే ముడుచుకుంటాయి. వాటిని గుర్తుపట్టడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. నాన్న భూతద్దం తొట్టి గాజుకు ఆనించి చూసేవాణ్ని. అసలైన మష్రూమ్ మెత్తటి బిళ్ల. అడుగున గట్టి రాతి ఎముక ఉండదు. నడుమ ఒక్క నోరు. పైన నున్నగా ఉంటుంది, లేదంటే చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. అంచు చుట్టూ పొడుగాటి వేళ్ల వరస ఉండదు.

కానీ బెంగళూరు నుంచి వచ్చే సంచుల మీద ‘మష్రూమ్’ అని రాసి ఉన్నవన్నీ ఇవి కావు. అడుగున రాతి బిళ్ల, దాని మీద పుట్టగొడుగు కింది గీతల్లాంటి గీతలు ఉన్నదాన్ని కూడా మష్రూమ్ అంటారు. అది వేరే జాతి, చట్టం ప్రకారం అమ్మకూడదు. కాడ మీద గొడుగులా నిలబడి, గొడుగంతా చిన్న పువ్వులున్నది ఇంకొకటి. అదీ మష్రూమే వాళ్లకు. ‘ఏనుగు చెవి’ అని ఒకటి ఉంది. అసలైన మష్రూములకు దగ్గరి చుట్టమే, కానీ అరచేతికంటే పెద్దదవుతుంది. దాని మీద చేప నిలబడితే సంచి మూతి బిగించినట్టు ముడుచుకుని మింగేస్తుంది. ఒక ఇంజనీరుకు నేను దాన్ని మామూలు మష్రూమ్ అని అమ్మాను. వారంలో ఆయన చేపలు రెండు మాయమయ్యాయి. ఆయన కోప్పడకుండా నవ్వేశాడు. నేనూ నవ్వేశాను. భయం నేర్చుకోవాల్సింది ఆ రోజు. నేను నేర్చుకున్నది మాత్రం, పేరు తప్పినా జనం పెద్దగా పట్టించుకోరని.

ఆ తర్వాత వచ్చింది ఆ రాయి. గోధుమరంగు గుండీలు గుత్తులు గుత్తులుగా, ఒకదానికొకటి అతుక్కుని, రాయంతా పరుచుకుని ఉన్నాయి. సంచి మీద ‘బటన్’ అని మాత్రమే రాసి ఉంది. భూతద్దం పెట్టి చూశాను. ప్రతి గుండీ అంచునా సన్నటి వేళ్లు కుచ్చులా ఉన్నాయి. ఒంట్లో ఇసుక రేణువులు కలిసిపోయి ఉన్నాయి. ఇవి మష్రూములు కావని ఆ క్షణంలోనే తెలిసింది. ఫోనులో వెతికాను. పాలిథోవా అని వచ్చింది. దాని కింద, ఈ జాతిలో కొన్నిటికి ప్రాణం తీసేంత విషం ఉంటుందని, ఒట్టి చేతులతో ముట్టుకోకూడదని, గీకకూడదని, ఎట్టి పరిస్థితిలోనూ ఉడకబెట్టకూడదని, ఆవిరి పీల్చినా ప్రమాదమని రాసి ఉంది. ఒంట్లోకి పోతే నోరు లోహం నాకినట్టు చేదవుతుందని, చలిజ్వరం వస్తుందని, ఊపిరి అందదని రాసి ఉంది.

మొత్తం చదివాను. తర్వాత ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను.

అన్నిటికీ విషం ఉండదులే అనుకున్నాను. నీళ్లలో ఉన్నంతసేపు ఎవరికేం కాదులే అనుకున్నాను. ఆ పేరు రాస్తే, దాని గురించి చెప్పాల్సింది చెబితే ఎవరు కొంటారు అనుకున్నాను. ఈ మూడో మాటే మొదట అనుకున్నాను, మిగతా రెండూ దాని వెనక తెచ్చుకున్నవి. చీటీ తీసి ‘బటన్ మష్రూమ్’ అని నా చేత్తో రాసి తొట్టికి అంటించాను. మష్రూమ్ అంటే అప్పటికే మా దగ్గర మంచి పేరు. చావదు, కష్టం లేదు, ఎవరైనా పెంచవచ్చు.

తిరుమణి ఆయన ఆ రాయి ముందు చాలాసేపు నిలబడ్డాడు.

“ఇదీ పుట్టగొడుగు జాతేనా సెట్టీ?”

“అదే జాతన్నా.”

“కరుస్తాదా?”

“అది కరవడమేందన్నా, నువ్వు కరవకుంటే సాలు.”

ఆయన పగలబడి నవ్వి, రాయి ఇంటికి తీసుకుపోయాడు. నీళ్లు నింపిన సంచిని ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాడు. నేను బస్టాండు దాకా వెళ్లి చెయ్యి ఊపాను.

ఆరేడు నెలలు గడిచాయి. ఒక రోజు పొద్దున పది గంటల వేళ ఫోను చేశాడు. నా ఎదురుగా కారుతున్న తొట్టి ఉంది, చేతిలో సిలికాన్ ట్యూబు ఉంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడాను.

“సెట్టీ, నీ గుండీలు నా నీలం పుట్టగొడుగు మీదికి ఎక్కుతాండాయప్పా. పీకితే రాడంల్యా. ఏం జేయల్ల?”

“ఆ రాయి బయటికి తీసి మరిగే నీళ్లు పొయ్యన్నా. అన్నీ సచ్చిపోతాయి.”

“నల్లుల మంచానికి పోసినట్టనా?”

“అదే మాదిరి.”

“అట్లయితే మా ఇంటిదానికి చెప్తా. నల్లుల మీద యుద్ధం చేసి చేసి అదిప్పుడు పనిలేక కూచోనుండాది” అని నవ్వి పెట్టేశాడు.

మా వైపు నా వయసువాళ్లందరం చేసిన పని అది. మంచంలో నల్లులు పడితే వాకిట్లోకి ఈడ్చి, మంచం కోళ్ల సందుల్లో సలసల కాగే నీళ్లు పోస్తాం. పోయగానే నల్లులు తేలుతాయి. చిన్నప్పుడు మా అమ్మ పోస్తుంటే నేను మంచం వంచి పట్టుకునేవాణ్ని. అందుకే ఆ మాట ఆలోచన లేకుండా నోట్లోంచి వచ్చింది. విన్న ఆయనకూ అందులో అడగాల్సిందేమీ కనబడలేదు. ఇంకో ఊరివాడైతే ‘నిజమేనా’ అని ఒకసారి అడిగేవాడేమో.

ఫోను పెట్టిన కాసేపటికి నా చేతిలో సిలికాన్ గీత వంకర పోయింది. బోర్లా పెట్టిన ఫోనులో చదివిన ఆ వాక్యం, ఉడకబెట్టకూడదన్నది, ఎక్కడి నుంచో లేచి వచ్చింది. వెంటనే ఫోను చెయ్యాలి. చెయ్యలేదు. చేస్తే ఎందుకని అడుగుతాడు, అప్పుడు అంతా చెప్పాలి. వాకిట్లోనే కదా పోస్తాడు, గాలికి పోతుంది అనుకున్నాను. తొట్టి అతికించడం పూర్తి చేశాను. అరగంట తర్వాత చేశాను. మోగి మోగి ఆగిపోయింది. కంచె దగ్గరికి పోయుంటాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. మళ్లీ చెయ్యలేదు. భయపడినవాడు పరిగెత్తుతాడంటారు. నేను భయపడి అక్కడే కూర్చున్నాను.

ఒంటిగంట దాటాక ఆయనే చేశాడు. గొంతు గుర్తుపట్టలేకపోయాను.

“సెట్టీ, మా ఇంటిదానికి ఊపిరాడటంల్యా. పావగడ ఆస్పత్రికి తెచ్చినా. నువ్వు రాప్పా.”

ఆ రోజు తిరుమణిలో దుమ్ము లేచిందట. వాకిట్లో నిలబడే వీలు లేక, కిటికీలు మూసుకుని, ఆయన వంటింట్లోనే రాయిని పెద్ద గుండు గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాడు. ఒకసారి పోస్తే చావవేమోనని బాగా మరగనిచ్చాడు. ఆవిడ పక్క పొయ్యి మీద సంగటి కెలుకుతూ ఉంది. పావుగంట ఆ ఆవిరిలోనే నిలబడింది.

ఆస్పత్రిలో ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. పడుకోబెడితే గాలి అందడం లేదు. రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించి, మెడ నరాలు తాళ్లలా లేచి, ఒక్కో ఊపిరీ ఈల వేస్తూ లోపలికి పోతోంది. నన్ను చూసింది. నవ్వబోయిందనుకుంటాను. ఆ ప్రయత్నానికే దగ్గు వచ్చి ముఖం నల్లబడింది.

డాక్టరమ్మ కన్నడలో అడిగింది, ఇంట్లో ఏం జరిగిందని.

“పుట్టగొడుగులు ఉడకబెట్టినామమ్మా” అన్నాడు ఆయన.

“తిన్నారా? ఏ రకం? ఎక్కడ కోశారు?”

“తినలా. చేపల తొట్టిలోవి. ఈ సెట్టికి బాగా తెల్సు, అడగండి.”

ఆమె నా వైపు తిరిగింది. ఆయనా తిరిగాడు. ఆయన చూపులో అనుమానం లేదు. నేను వచ్చానన్న ధైర్యం ఉంది.

“అవి మష్రూమ్ కోరల్ అంటారు మేడం” అన్నాను.

ఎదురుగా ఒక మనిషి ఊపిరి కోసం మంచం పట్టె పట్టుకుని ఉంటే, డాక్టరు ముందు నిలబడి, నేను నా చీటీలోని పేరే చెప్పాను. నిజం పేరు నాలుక మీదే ఉంది. దాన్ని చెబితే తెలిసి అమ్మానని తేలుతుంది. పోలీసులు, అంగడి, బజారులో మా నాన్న పేరు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఆవిడ అందులో లేదు. ఈ మాట రాయడానికి నాకు చాలా ఏళ్లు కాకపోయినా చాలా రోజులు పట్టింది. ఆ క్షణంలో నా భయం నా గురించే.

డాక్టరమ్మ ఉబ్బసం అనుకుని దానికి మందు పెట్టింది. నేను వరండాలోకి వచ్చి గోడకు ఆనుకున్నాను. లోపలి నుంచి ఆ ఈల వినబడుతోంది. వినబడితే భయం. మధ్యలో ఒక్కోసారి ఆగుతుంది, అప్పుడు ఇంకా భయం. మళ్లీ మొదలయ్యేదాకా నేను నా ఊపిరి బిగపట్టేవాణ్ని. అలా దాదాపు గంట. ఆ గంటలో ఆవిడకు ఏమైనా అయి ఉంటే నేను ఇది రాసేవాణ్ని కాదు, దాచేవాణ్ని. నన్ను నేను అంతవరకు తెలుసుకున్నాను.

ఆయన వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. భుజాలు వణుకుతున్నాయి.

“చలిగా ఉండాది సెట్టీ.”

బయట ఎండ పెటపెటలాడుతోంది.

“నోట్లో ఏందో చేదు. తుప్పు పట్టిన మేకు పెట్టుకున్నట్టుండాది. నీళ్లు తాగినా పోవడంల్యా” అన్నాడు.

నేను చదివిన వాక్యం అక్షరం తప్పకుండా నా పక్కన కూర్చుని మాట్లాడుతోంది. అప్పుడు లేచాను. ధైర్యం వచ్చి కాదు. ఇద్దరూ పోతారన్న భయం, నా పరువు పోతుందన్న భయాన్ని మించిపోయింది. లోపలికి పోయి డాక్టరమ్మతో అన్నాను.

“మేడం, నేను చెప్పిన పేరు తప్పు. అది మష్రూమ్ కాదు. పాలిథోవా. దానికి విషం ఉంటుంది. ఆవిరిలో పీల్చారు. ఆయనకీ ఎక్కింది.”

ఫోను తీసి ఆ పేజీ చూపించాను. ఆమె చదివింది. ఫోను తన చేతిలోకి తీసుకుని ఇంకోసారి చదివింది.

“ఇది మీకు ఎప్పటి నుంచి తెలుసు?”

నేను నోరు విప్పేలోపే ఆమె నర్సును పిలిచింది. నా జవాబు కోసం ఆగే తీరిక ఆమెకు లేదు. ఆక్సిజన్ పెట్టారు, గుండె చూశారు, రక్తం తీశారు. దీనికి విరుగుడు మందంటూ లేదని, ఊపిరినీ గుండెనూ కాచుకుంటూ కూర్చోవాలని, అది ఇక్కడ కుదరదని, ఇద్దరినీ తుమకూరు తీసుకుపొమ్మని చెప్పింది. అక్కడి డాక్టర్లకు ఆ పేరు తనే కాగితం మీద రాసింది. నేను చీటీ మీద రాయనిది ఆమె పెద్ద అక్షరాలతో రాసింది.

అంబులెన్సులో నేను ముందు సీట్లో కూర్చున్నాను. మధుగిరి కొండ కనబడి వెనక్కి పోయింది. నేను దాన్ని చూడలేదు, చెవులు వెనక్కే ఉన్నాయి. ఈల. దగ్గు. ఆయన గొంతు, “పీల్చుకో, ఇంకొంచెం పీల్చుకో” అంటూ. రోడ్డు మీద గుంత వచ్చి బండి ఎగిరిన ప్రతిసారీ వెనక నిశ్శబ్దం అయిపోతుందేమోనని పళ్లు బిగించాను. దేవుణ్ని ఏమని మొక్కుకోవాలో కూడా తెలియలేదు. తప్పు చేసినవాడు మొక్కుకుంటే అది బేరమే అవుతుంది. బేరం చెయ్యడం తప్ప నాకు ఇంకేం వచ్చు?

ఆయనకు రెండో రోజు జ్వరం దిగింది. ఆవిడను గొంతులో గొట్టం పెట్టి ఐసీయూలో ఉంచారు. రోజుకు రెండుసార్లు తలుపు తెరిచినప్పుడు చూసేవాళ్లం. మూడో రోజు పొద్దున ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చుని ఉన్నప్పుడు ఆయనకు చెప్పేశాను. రాయి వచ్చిన రోజు నుంచి, భూతద్దం, ఫోను బోర్లా పెట్టడం, అరగంట ఆగి ఫోను చెయ్యడం, డాక్టరమ్మకు మొదట అబద్ధం చెప్పడం, అన్నీ.

“తెల్సి అమ్మినావా?”

“అనుమానం ఉండె అన్నా.”

“అనుమానమా, తెల్సా?”

“తెల్సు.”

 కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

“నా భూమిలో ఏం పెడతాండారో కాగితం మీద రాసిచ్చినారు సెట్టీ. ప్రతి లైనూ చదివించుకోని సంతకం పెట్టినా. నీ కాడ మాత్రం ఏమీ చదివించుకోలా” అన్నాడు.

ఆ తర్వాత ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. వెళ్లిపొమ్మనీ అనలేదు. నేను అక్కడే కూర్చున్నాను.

ఐదో రోజు ఆవిడ గొట్టం లేకుండా ఊపిరి తీసుకుంది. ఇంటికి రావడానికి ఇంకో వారం పట్టింది. ఊపిరితిత్తులు మునుపటిలా ఉండవని, పొగకూ దుమ్ముకూ దూరంగా ఉండాలని డాక్టర్లు చెప్పారు. తిరుమణిలో దుమ్ముకు దూరంగా ఎలా ఉండాలో ఎవరూ చెప్పలేదు.

ఆవిడ వచ్చే ముందే నేను ఆ ఇంటికి వెళ్లి తొట్టి శుభ్రం చేశాను. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు, మోచేతుల దాకా చేతితొడుగులు వేసుకున్నాను. గుండీలు పాకిన రాళ్లను గీకకుండా, నీళ్లలోంచి పైకి తేలనివ్వకుండా మూత ఉన్న డబ్బాలోకి మార్చి, ఊరి బయటికి తీసుకుపోయి బ్లీచింగ్ నీళ్లలో చంపాను. వంటింట్లో ఆ గుండు గిన్నె అలాగే ఉంది. సంగటి గిన్నె కూడా అలాగే ఉంది, కెలికే కట్టె ఎండిపోయి నిలబడి. రెండూ తీసి పాతిపెట్టాను. నా అంగడిలో ఉన్న చీటీలన్నీ ముందు రోజే పీకేశాను. ఆ తర్వాత అదే చీటీతో బటన్ రాళ్లు కొన్న ఇంకో ఇద్దరి ఇళ్లకూ పోయి, తలుపు దగ్గరే నిలబడి జరిగింది చెప్పి, రాళ్లు తెచ్చేసుకున్నాను. ఒకాయన బూతులు తిట్టాడు. ఇంకొకాయన తలుపు వేసుకున్నాడు.

ఆవిడ ఇంటికి వచ్చిన మూడో రోజు పిలిపించింది.  గడప దగ్గరే కూర్చుని ఉంది, మొదటి రోజు కూర్చున్న చోటే. ఇంకా సన్నబడింది. మాట మాటకూ ఆగుతోంది.

“రాప్పా. దాని అసలు పేరేందో చెప్పు.”

“పాలిథోవా అక్కా.”

“పా... లి...” ఆగి గాలి తీసుకుంది. “ఇంతేనా? ఇంత చిన్నదానికి చీటీలో తావు లేకపాయనా?”

 ఆయన వెనక కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మధ్యలోకి రాలేదు.

“అన్నీ తీసేసినావంట. ఈ నీలంది ఎందుకిడిసినావు?”

“అది అసలైన మష్రూమే అక్కా. ఏం చెయ్యదు.”

“నువ్వు చెప్తాండావు.”

“అవునక్కా.”

“అదీ నువ్వే చెప్పినావు, ఇదీ నువ్వే చెప్తాండావు.”

 జేబులో చెయ్యి పెడితే నాన్న భూతద్దం తగిలింది. తీసి, మడత విప్పి, ఆవిడ చేతిలో పెట్టాను. అంచు చుట్టూ వేళ్ల వరస ఉంటే వెంటనే చెప్పమన్నాను, ఉంటే తొట్టి మొత్తం ఇప్పుడే ఎత్తుకుపోతానన్నాను. నడుమ నోరు ఒక్కటే ఉండాలని, ఇసుక కనబడకూడదని చెప్పాను. ఇంకేమీ చెప్పలేదు.

ఆవిడ గోడ పట్టుకుని లేచింది. నాలుగు అడుగులకు రెండుసార్లు ఆగింది. అద్దాన్ని తొట్టి గాజుకు ఆనించి, ఒక కన్ను మూసి, నీలం బిళ్ల అంచు వెంట మెల్లగా జరుపుతూ చూడటం మొదలుపెట్టింది. తొందరపడలేదు. ఒక్కో చోట ఆగి, మళ్లీ వెనక్కి వచ్చి చూసింది. ఆవిడ ముఖం గాజుకు దగ్గరగా ఉంది. ఊపిరి వదిలినప్పుడు గాజు మీద ఆవిరి కమ్ముకుంటోంది, పీల్చినప్పుడు మెల్లగా చెదిరిపోతోంది. లోపల ఆ సన్నటి ఈల ఇంకా ఉంది.

ఆవిడ ఏం చెబుతుందోనని ఎదురుచూస్తూ నేను గడప బయటే నిలబడ్డాను. నా కళ్లు ఆ గాజు మీది మచ్చ మీదే ఉన్నాయి. అది చెదిరిపోయిన ప్రతిసారీ, మళ్లీ కమ్ముకునేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.